వీడియోగేమ్ తెరపట్లు, చీట్ పరికరాలు, కన్సోల్ హ్యాకింగ్: జ్ఞాపకాల వెనుక చరిత్ర (1980-2024)

వ్యాససంగ్రహం:
వీడియోగేములతో పెరిగిన తరానికి మూడు జ్ఞాపకాలు ఉమ్మడి ఆస్తి. టీవీ తెరకు ఎదురుగా కెమెరా పెట్టి తీసిన స్కోరు ఫోటో మొదటిది. ఆటలో ప్రాణాలు తరగకుండా చేసే చీట్ పరికరం రెండవది. తాళం వేసిన కన్సోల్‌ను విప్పి, అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మూడవది. వీటిని చిన్ననాటి చిలిపి పనులుగా తలచుకోవడం పరిపాటి. అయితే కొన్న వస్తువు మీద కొన్నవాడికి ఎంత అధికారం ఉంటుందనే ప్రశ్న న్యాయస్థానాల ముందుకు వచ్చింది ఈ మూడింటి వల్లనే. ఆ చరిత్రను సాంకేతిక వివరాలతో, తీర్పులతో పరిశీలించి, నాటి ఆటలను నేడు భద్రపరచుకోవడానికి ఆ పరికరాల జ్ఞానమే ఆధారమవుతున్నదని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: వీడియోగేములు, తెరపట్టు, చీట్ పరికరం, గేమ్ జీనీ, యాక్షన్ రీప్లే, కాపీరైటు, డిజిటల్ భద్రత, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:
జ్ఞాపకం చరిత్ర కాదు. కాని చరిత్రకు ముడిసరుకు. ఒక తరం దేనిని పదేపదే తలచుకుంటున్నదో గమనిస్తే, ఆ తరం జీవితంలో ఏది మలుపు తిప్పిందో తెలుస్తుంది. 1980లలో, 1990లలో వీడియోగేములు ఆడినవారు నేడు నడివయస్సులో ఉన్నారు. వారి తలపోతల్లో ఆటల కథల కంటే ఎక్కువగా వినిపించేవి ఆటను దాటి చేసిన పనులు: తెరను ఫోటో తీయడం, రహస్య సంకేతాలు రాసుకోవడం, యంత్రాన్ని విప్పడం.

ఈ మూడింటిలోనూ ఒక సామాన్యలక్షణం ఉంది. ఆటగాడు నిర్మాత గీసిన గీత లోపల ఉండిపోలేదు. తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసినప్పుడు క్షణికమైన దృశ్యాన్ని తన దగ్గర నిలుపుకున్నాడు. చీట్ పరికరం వాడినప్పుడు ఆట నియమాన్ని తానే మార్చాడు. కన్సోల్‌ను ఛేదించినప్పుడు, ఆ యంత్రం మీద ఏ ప్రోగ్రామ్ నడవాలో నిర్ణయించే అధికారాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చూడడం, మార్చడం, తెరవడం అనే ఈ మూడు క్రియల వరుసలోనే వ్యాసం సాగుతుంది. తీర్పులు ప్రధానంగా అమెరికా, ఐరోపాలకు చెందినవి; ఆ పరిశ్రమ, ఆ వివాదాలు అక్కడివే కనుక. తెలుగు ప్రాంతాల అనుభవాన్ని, మన దేశపు చట్టాన్ని వాటికి సంబంధం ఉన్నంత మేరకు చివరి భాగాల్లో చర్చించాను.

2. చూడడం - తెరపట్టు చరిత్ర:
నేడు తెరపట్టు తీయడానికి ఒక్క మీట చాలు. 1980లలో గేమ్ కన్సోల్‌కు ఆ సదుపాయం లేదు. తెర మీది దృశ్యాన్ని నిలుపుకోవాలంటే టీవీని ఫిల్ము కెమెరాతో ఫోటో తీయడమే మార్గం. అదీ తేలిక కాదు. అప్పటి పిక్చర్‌ట్యూబు టీవీలో బొమ్మ మొత్తం ఏకకాలంలో తెర మీద ఉండదు. ఎలక్ట్రాన్ పుంజం పైనుంచి కిందికి గీతలు గీస్తూ, అమెరికా పద్ధతిలో సెకనుకు సుమారు 60 సార్లు తెరను నింపుతుంది. కెమెరా షట్టరు అంతకంటే వేగంగా మూసుకుంటే బొమ్మలో కొంత భాగమే పడి, మిగతాది నల్లని పట్టీగా మిగులుతుంది. ఫ్లాష్ వెలిగిస్తే అద్దం మీద మెరుపు తప్ప మరేమీ కనిపించదు. కనుక గదిలో దీపాలార్పి, ఫ్లాష్ ఆపి, చేయి కదలకుండా నెమ్మది షట్టరుతో తీయాలి. ఫోటో వచ్చిందో లేదో రీలు కడిగించిన తరువాత గాని తెలియదు.

ఈ కష్టం ఎందుకు పడ్డారు? స్కోరుకు మరో సాక్ష్యం లేదు కనుక. ఆ కాలపు కార్ట్రిడ్జ్‌లలో చాలావాటికి, కన్సోల్ ఆపితే స్కోరు మాసిపోయేది. 1979లో స్థాపితమైన యాక్టివిజన్ సంస్థ తన ఆటల్లో నిర్ణీత స్కోరు సాధించి, తెర ఫోటో పంపినవారికి కుట్టుపని చేసిన గుడ్డ బిళ్ళలను బహుమతిగా ఇచ్చింది. 1982లో వచ్చిన ‘పిట్‌ఫాల్!’ ఆటకు ఆ స్కోరు 20,000. 1988లో మొదలైన ‘నింటెండో పవర్’ పత్రిక కూడా పాఠకుల స్కోర్లను ప్రచురించేది. ఆ విధంగా తెర ఫోటో, మొదట వినోదచిత్రంగా కాక, ప్రమాణపత్రంగా పుట్టింది.

ఇక్కడ పరిశోధకులు గమనించవలసిన మూలవిమర్శ ఒకటి ఉంది. నేడు అంతర్జాలంలో కనిపించే పాత ఆటల తెరపట్లలో అధికభాగం ఎమ్యులేటర్ ద్వారా తీసినవి. వాటిలో ప్రతి చుక్కా పదునైన చతురస్రంలా ఉంటుంది. నాడు ఇంట్లో చూసిన బొమ్మ అటువంటిది కాదు. 1991లో వచ్చిన ‘సోనిక్ ద హెడ్జ్‌హాగ్’ ఆట మొదటి ఘట్టంలోని జలపాతాలను చిత్రకారులు సన్నని నిలువు చారలుగా గీశారు. సాధారణ వీడియో తీగ గుండా టీవీకి చేరేసరికి ఆ చారలు ఒకదానిలో ఒకటి కలిసి, వెనుక దృశ్యం లీలగా కనిపించే నీటితెరగా మారేవి. ఎమ్యులేటర్ తెరపట్టులో నీరు పోయి చారలే మిగిలాయి. యంత్రం పంపినది ఒకటి, కన్ను చూసినది మరొకటి. మసకగా ఉన్న పాత ఫిల్ము ఫోటోయే ఒక విధంగా నమ్మదగిన సాక్షి.

తెరపట్టు ఎవరి సొత్తు అనే ప్రశ్న 1990లలో న్యాయస్థానానికి చేరింది. ‘డ్యూక్ న్యూకెమ్ 3డి’ ఆటకు ఆటగాళ్ళు సొంతంగా తయారుచేసిన ఘట్టాలను మైక్రోస్టార్ అనే సంస్థ సీడీగా అమ్మింది. పెట్టె మీద ఆట తెరపట్లు అచ్చువేయడాన్ని అమెరికా జిల్లా న్యాయస్థానం 1996లో నిలిపివేసింది. మరో సందర్భంలో ఫలితం వేరు. ప్లేస్టేషన్ ఆటలను కంప్యూటర్‌లో ఆడించే ‘బ్లీమ్!’ అనే ప్రోగ్రామ్ తయారీదారులు, టీవీలో ఆట ఎలా కనిపిస్తుందో, తమ ప్రోగ్రామ్‌లో ఎలా కనిపిస్తుందో పక్కపక్కన తెరపట్లు పెట్టి ప్రకటన ఇచ్చారు. సోనీ దావా వేసింది. 2000లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం, నిజాయితీగా పోల్చి చూపడానికి తెరపట్టును వాడడం న్యాయసమ్మత వినియోగమేనని తీర్పు చెప్పింది. కదిలే ఆటలో తెరపట్టు ఎంతో చిన్న శకలమని, దానివల్ల ఆట అమ్మకానికి నష్టం లేదని న్యాయస్థానం భావించింది. అయితే గెలుపు సంస్థను కాపాడలేదు. వ్యాజ్యాల ఖర్చు మోయలేక బ్లీమ్ 2001లో మూతపడింది.

3. మార్చడం - చీట్ పరికరాల పనితీరు:
తెరపట్టుకూ చీట్‌కూ ఉన్న బంధుత్వం కమోడోర్ 64 కంప్యూటర్‌కు వచ్చిన ‘ఫ్రీజర్’ కార్ట్రిడ్జ్‌లలో స్పష్టంగా కనిపిస్తుంది. బ్రిటన్‌కు చెందిన డాటెల్ సంస్థ తెచ్చిన యాక్షన్ రీప్లే వాటిలో ప్రసిద్ధమైనది. దాని మీట నొక్కితే నడుస్తున్న ఆట ఉన్నచోటనే స్తంభిస్తుంది. ఆ స్థితిలో తెర బొమ్మను డిస్కులో దాచుకోవచ్చు; మెమరీలోని విలువలను మార్చి ఆటను తిరిగి నడిపించవచ్చు. ఆపగలిగినవాడికి చూడడమూ, మార్చడమూ రెండూ సాధ్యమయ్యాయి.

కన్సోల్ లోకంలో ఈ పనికి పేరు తెచ్చినది గేమ్ జీనీ. బ్రిటన్‌లోని కోడ్‌మాస్టర్స్ సంస్థ దీనిని రూపొందించింది. కెనడాలో కామెరికా, అమెరికాలో లూయిస్ గలూబ్ టాయ్స్ సంస్థలు పంపిణీ చేశాయి. ఇది కార్ట్రిడ్జ్‌కూ నింటెండో కన్సోల్‌కూ నడుమ అమరుతుంది. ఆటగాడు తెర మీద 6 లేదా 8 అక్షరాల సంకేతం నమోదు చేస్తాడు. సంకేతాలకు వాడేవి 16 ఆంగ్లాక్షరాలు మాత్రమే. ఒక్కో అక్షరం 4 బిట్ల విలువను సూచిస్తుంది. కార్ట్రిడ్జ్‌లోని ఏ స్థానం, అక్కడ చదవవలసిన కొత్త విలువ ఏమిటి అన్న రెండు సంగతులు ఆ అక్షరాల్లో కలిపి దాచి ఉంటాయి. ఎనిమిది అక్షరాల సంకేతంలో మూడవ సంగతి కూడా ఉంటుంది: పాత విలువ ఇదే అయితేనే మార్చు అనే నిబంధన. ఒకేసారి మూడు సంకేతాలు ఇవ్వవచ్చు.

ఒక ఉదాహరణను విప్పి చూస్తే పద్ధతి బోధపడుతుంది. ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆటలో ప్రాణాలు తరగకుండా చేసే ప్రసిద్ధ సంకేతం ‘ఎస్‌ఎక్స్‌ఐఓపీఓ’. దీనిని విడదీస్తే 37,337వ స్థానం, 173 అనే విలువ వస్తాయి. ఆ స్థానంలో అసలు ఉన్న విలువ 206. నింటెండో కన్సోల్ ప్రాసెసర్ భాషలో 206 అంటే ‘ఫలానా చోట ఉన్న సంఖ్యలోంచి ఒకటి తగ్గించు’ అని. 173 అంటే ‘ఫలానా చోట ఉన్న సంఖ్యను చదువు’ అని. ఆ ‘ఫలానా చోటు’ మారియో ప్రాణాల లెక్క నిల్వ ఉన్న 1882వ మెమరీ స్థానం. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ధాతువు మారింది, కర్మ మారలేదు. మారియో చనిపోయినప్పుడల్లా యంత్రం ప్రాణాల లెక్కను తగ్గించడానికి బదులు, చదివి ఊరుకుంటుంది. లెక్క తరగదు కనుక ఆట ముగియదు.

ఈ మార్పు కార్ట్రిడ్జ్‌లో ఎక్కడా నమోదు కాలేదనేది కీలకం. ప్రాసెసర్ ఆ స్థానాన్ని అడిగినప్పుడు కార్ట్రిడ్జ్ ఇచ్చే జవాబును గేమ్ జీనీ మధ్యలో ఆపి, తన జవాబు ఇస్తుంది. కన్సోల్ ఆపి పరికరాన్ని తీసేస్తే ఆట యథాతథం. తాళపత్ర ప్రతిలోని అక్షరాన్ని గీకి దిద్దడం వేరు, చదివేటప్పుడు ఒక పదానికి బదులు మరొక పాఠాంతరం చదవడం వేరు. గేమ్ జీనీ చేసినది రెండవ పని. ఈ భేదమే న్యాయస్థానంలో నిర్ణాయకమైంది.

4. గలూబ్, నింటెండో వ్యాజ్యం:
గేమ్ జీనీ తమ ఆటల నుంచి అనుమతి లేని అనుసృజనలను పుట్టిస్తున్నదని నింటెండో వాదించింది. 1990 జూలైలో కాలిఫోర్నియా ఉత్తర జిల్లా న్యాయస్థానం అమ్మకాలను తాత్కాలికంగా నిలిపివేసింది. ఏడాది తరువాత పూర్తి విచారణ జరిపి, గలూబ్ పక్షాన తీర్పిచ్చి ఆ ఉత్తర్వును తొలగించింది. 1992 మే నెలలో తొమ్మిదవ సర్క్యూట్ దీనిని ధ్రువీకరించింది.

అప్పీలు న్యాయస్థానం తర్కం స్థూలంగా ఇది. అనుసృజన అనిపించుకోవాలంటే అందులో మూలకృతి ఏదో ఒక స్థిరమైన రూపంలో ఇమిడి ఉండాలి. గేమ్ జీనీలో నింటెండో ఆటకు చెందిన భాగమేదీ లేదు. అది ఆటకు ప్రత్యామ్నాయమూ కాదు. కార్ట్రిడ్జ్ కొననివాడికి దానివల్ల ప్రయోజనం శూన్యం. ఒకవేళ అనుసృజనే అనుకున్నా, ఇంట్లో వినోదం కోసం తాను కొన్న ఆటను తనకు నచ్చినట్లు ఆడుకునే కుటుంబం చేసినది న్యాయసమ్మత వినియోగమే. ఏడాది పాటు అమ్మకం ఆగిన నష్టానికి గలూబ్‌కు 1.5 కోట్ల డాలర్లు చెల్లించాలనే ఆదేశం 1994లో అప్పీలులో నిలిచింది.

ఈ తీర్పు హద్దు ఎక్కడుందో ఆరేళ్ళ తరువాత తెలిసింది. పైన ప్రస్తావించిన ‘డ్యూక్ న్యూకెమ్ 3డి’ వివాదంలో అదే తొమ్మిదవ సర్క్యూట్ 1998లో మైక్రోస్టార్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఆటగాళ్ళ ఘట్టాల ఫైళ్ళలో మూల ఆట బొమ్మలు లేకపోయినా, తెర మీద ఏది ఎక్కడ రావాలో ఆ ఫైళ్ళు శాశ్వతరూపంలో వివరిస్తున్నాయని, అవి మూలకథకు కొనసాగింపులని న్యాయస్థానం భావించింది. క్షణికమైన పాఠాంతరానికి అనుమతి దొరికింది. రాసిపెట్టి అమ్మిన ఉత్తరకాండకు దొరకలేదు.

5. మెమరీలో వెదుకులాట - చీట్ పరికరం పరిశోధనసాధనంగా:
తరువాతి తరం పరికరాలు మరో మార్గం పట్టాయి. యాక్షన్ రీప్లే, అమెరికాలో గేమ్‌షార్క్ పేరుతో అమ్ముడైన పరికరాలు కార్ట్రిడ్జ్ జవాబును మార్చడానికి బదులు, ఆట నడుస్తున్నప్పుడు మెమరీలోని ఒక స్థానంలో కోరిన విలువను మళ్ళీమళ్ళీ రాస్తూ ఉండేవి. ప్రాణాలు 5 ఉన్నాయనుకుందాం. ఆట వాటిని 4కు తగ్గిస్తుంది. మరుక్షణమే పరికరం తిరిగి 5 రాస్తుంది.

ఆ స్థానం ఏదో కనుగొనడం ఎలా? కొన్ని పరికరాలు అందుకు సదుపాయం ఇచ్చాయి. ప్రాణాలు 5 ఉన్నప్పుడు మెమరీలో 5 అనే విలువ ఉన్న స్థానాలన్నింటినీ గుర్తుపెట్టుకోమనాలి. అవి వందల్లో ఉండవచ్చు. ఒక ప్రాణం పోగొట్టుకొని, వాటిలో ఇప్పుడు 4గా మారినవి ఏవో అడగాలి. జాబితా కుంచించుకుపోతుంది. మరో రెండు మూడు సార్లు ఇలా చేస్తే ఒకటి రెండు స్థానాలే మిగులుతాయి. పరికల్పన, ప్రయోగం, నిరాకరణ, నిర్ధారణ అనే క్రమాన్ని పదేళ్ళ పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే అభ్యసించాడు. చీట్ అనే మాటకు మోసమనే అర్థం ఉంది గాని, ఆ పని స్వభావం శోధన.

ఈ శోధన ఒకసారి పరిశ్రమ చెప్పిన మాటనే పరీక్షకు పెట్టింది. ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ ఆట 2004లో విడుదలైంది. ఆటలో కనిపించకుండా వదిలేసిన శృంగారదృశ్యాలను 2005లో కంప్యూటర్ ప్రతికి రాసిన మార్పు ద్వారా బయటపెట్టారు. అది హ్యాకర్ల పని అని నిర్మాణసంస్థ రాక్‌స్టార్ తొలుత ప్రకటించింది. ప్లేస్టేషన్ 2 డిస్కు మీద కొత్తగా ఏదీ రాయడం సాధ్యం కాదు. అటువంటి డిస్కులోనే చీట్ పరికరపు సంకేతాలతో ఆ దృశ్యాలు ప్రత్యక్షమయ్యేసరికి, అవి మొదటి నుంచీ అందులోనే ఉన్నాయని తేలిపోయింది. ఆ జూలైలోనే అమెరికా గేముల వర్గీకరణ సంస్థ ఆ ఆటను పెద్దలకు మాత్రమే అనే వర్గానికి మార్చింది. ఒక పాఠంలో దాగిన పొరను బయటపెట్టిన సాక్షిగా చీట్ పరికరం ఇక్కడ నిలిచింది.

మెమరీలోని విలువలు మార్చడం కాపీరైటు ఉల్లంఘనా అనే ప్రశ్నకు ఐరోపాలో జవాబు రావడానికి చాలా కాలం పట్టింది. పీఎస్‌పీ కన్సోల్‌పై ‘మోటార్‌స్టార్మ్: ఆర్కిటిక్ ఎడ్జ్’ ఆటలో వేగవృద్ధికి ఉన్న పరిమితిని తొలగించిన డాటెల్ ఉత్పత్తులపై సోనీ జర్మనీలో దావా వేసింది. హాంబర్గ్ న్యాయస్థానాలు దాటి, జర్మనీ అత్యున్నత న్యాయస్థానం మీదుగా అది ఐరోపా సమాఖ్య న్యాయస్థానానికి చేరింది. 2024 అక్టోబరు 17న ఆ న్యాయస్థానం, ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు మెమరీలో నిలిచే చరరాశుల విలువలు మాత్రమే మారి, ప్రోగ్రామ్ కోడ్ మారనప్పుడు, కంప్యూటర్ ప్రోగ్రామ్‌ల చట్టరక్షణ దానికి వర్తించదని తేల్చింది. 1992లో అమెరికాలో వచ్చిన సమాధానమూ, 2024లో ఐరోపాలో వచ్చిన సమాధానమూ వేర్వేరు దారుల్లో ఒకే చోటికి చేరాయి.

6. తెరవడం - తాళాలు, ఛేదనలు:
1983లో జపాన్‌లో విడుదలైన నింటెండో ఫ్యామికామ్ కన్సోల్‌కు తాళం లేదు. 1985లో అమెరికాకు వచ్చిన రూపాంతరంలో ‘10ఎన్ఈఎస్’ అనే చిప్ చేరింది. కన్సోల్‌లో ఒకటి, కార్ట్రిడ్జ్‌లో ఒకటి ఉన్న రెండు చిప్‌లు ఒకే ప్రోగ్రామ్‌ను సమాంతరంగా నడుపుతూ పరస్పరం సరిచూసుకుంటాయి. లెక్క తప్పితే కన్సోల్ ఆగి మళ్ళీ మొదలవుతూనే ఉంటుంది. కన్సోల్ చిప్‌లోని నాలుగవ కాలును కత్తిరిస్తే ఈ కావలి ఆగిపోతుందని ఔత్సాహికులు కనిపెట్టారు. పాత కన్సోల్‌ను మరమ్మతు చేసేవారు నేటికీ ఆ పని చేస్తున్నారు.

అటారీ గేమ్స్ సంస్థ ఈ తాళాన్ని ఛేదించే క్రమంలో, వ్యాజ్యానికి అవసరమని అబద్ధం చెప్పి కాపీరైటు కార్యాలయం నుంచి ప్రోగ్రామ్ ప్రతిని సంపాదించింది. 1992 సెప్టెంబరులో ఫెడరల్ సర్క్యూట్ ఆ మార్గాన్ని తప్పుపట్టింది. అయితే న్యాయంగా సంపాదించిన ప్రతిని విప్పి అందులోని భావాన్ని అర్థం చేసుకోవడం తప్పు కాదని కూడా చెప్పింది. మరుసటి నెలలోనే సేగా, అకొలేడ్ వ్యాజ్యంలో తొమ్మిదవ సర్క్యూట్ ఆ సూత్రాన్ని స్థిరపరచింది. సేగా జెనెసిస్ కన్సోల్‌కు ఆటలు తయారుచేయడానికి అకొలేడ్ సంస్థ సేగా కార్ట్రిడ్జ్‌ల కోడ్‌ను విప్పి చదివింది. యంత్రంతో కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం కోసం, మరో మార్గం లేనప్పుడు అలా చేయడం న్యాయసమ్మతమని తీర్పు వచ్చింది. మే నెల గలూబ్ తీర్పును కూడా కలుపుకుంటే, 1992 ఒక్క ఏడాదిలోనే ఈ రంగపు పునాదిసూత్రాలు ఏర్పడ్డాయి.

1998లో అమెరికా తెచ్చిన డిజిటల్ మిలీనియం కాపీరైటు చట్టంతో పరిస్థితి మారింది. కృతిని నకలు చేయడమే కాక, దానికి వేసిన సాంకేతిక తాళాన్ని ఛేదించడం కూడా వేరే నేరమైంది. దీని ప్రభావం పరిశోధకుల మీద ఎలా పడిందో ఒక ఉదాహరణ చూపిస్తుంది. 2001 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ విడుదలైంది. ఎంఐటీలో పీహెచ్‌డీ విద్యార్థిగా ఉన్న ఆండ్రూ హువాంగ్, కన్సోల్‌లోని రెండు చిప్‌ల మధ్య ప్రవహించే సంకేతాలను తాను తయారుచేసుకున్న పరికరంతో పట్టి, రహస్యంగా ఉంచిన ప్రారంభ కోడ్‌ను చదవగలిగాడు. ఆ ఫలితాలను ప్రచురించడానికి ముందు ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ నుంచి న్యాయసహాయం పొందవలసి వచ్చింది. ‘హ్యాకింగ్ ది ఎక్స్‌బాక్స్’ పేరుతో రాసిన పుస్తకాన్ని, ఈ చట్టానికి జంకి మొదటి ప్రచురణకర్త వదులుకోగా, 2003లో అతడే స్వయంగా వెలువరించాడు. తరువాత మరో సంస్థ ప్రచురించింది. తాను కొన్న వస్తువును పరిశీలించి, కనుగొన్నదానిని రాయడానికి పరిశోధకుడు వకీలును వెంటబెట్టుకోవలసిన స్థితి ఇది. కన్సోల్ ఛేదన చరిత్ర పరిశోధనాస్వేచ్ఛ చరిత్రలో భాగమనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

7. తెలుగు ప్రాంతాల అనుభవం:
ఫ్యామికామ్‌కు తాళం లేకపోవడమే మన అనుభవానికి మూలం. తాళం లేని ఆ నమూనాను అనుకరించి తూర్పు ఆసియాలో తయారైన చౌక కన్సోళ్ళు 1990లలో మన పట్టణాల ఎలక్ట్రానిక్ దుకాణాలకు చేరాయి. వాటిని మనం ‘టీవీ గేమ్’ అన్నాం. కార్ట్రిడ్జ్‌ను ‘క్యాసెట్’ అన్నాం. తెలుగు పిల్లల మాటల్లోకి ‘లైఫు’, ‘స్టేజీ’ వంటివి అలాగే వచ్చాయి.

ఆ క్యాసెట్లలో చాలావాటి మీద వేలల్లో, లక్షల్లో ఆటలున్నట్లు సంఖ్య అచ్చై ఉండేది. తీరా చూస్తే నిజమైన ఆటలు కొన్నే. జాబితాలోని మిగతావి అవే ఆటలు వేరే స్టేజీ నుంచి మొదలయ్యేవో, ప్రాణాల సంఖ్య పెంచినవో. సాంకేతికంగా ఇవి, ఆట మొదలయ్యే ముందు మెమరీలో కొన్ని విలువలు మార్చి పెట్టినవి. అంటే గేమ్ జీనీ పేరైనా వినని తెలుగు పిల్లవాడు, క్యాసెట్ జాబితాలో ఒక వరుసను ఎంచుకున్న ప్రతిసారీ చీట్ సంకేతం వాడినట్లే. అమెరికాలో న్యాయస్థానం దాకా వెళ్ళిన పని ఇక్కడ జాబితాలో ఒక అంకెగా, అజ్ఞాతంగా జరిగిపోయింది. ‘కాంట్రా’ ఆటలో 30 ప్రాణాలిచ్చే మీటల వరుస కూడా ఇటువంటిదే. కొనామీ సంస్థలో పనిచేసిన కజుహిసా హషిమోటో, 1986లో ‘గ్రేడియస్’ ఆటను కన్సోల్‌కు అనువదిస్తూ, పరీక్షించడం తేలిక కావడానికి ఆ వరుసను అందులో పెట్టాడు. తరువాతి దశాబ్దంలో నెట్ సెంటర్లలో ‘వైస్ సిటీ’ ఆడిన తరం చీట్ కోడ్‌లను నోటుపుస్తకాల చివరి పుటల్లో రాసుకుంది.

అయితే మన జ్ఞాపకానికి ఛాయాచిత్ర సాక్ష్యం దాదాపు లేదు. 36 ఫోటోల రీలు పెళ్ళిళ్ళకు, పుట్టినరోజులకు పొదుపుగా వాడుకునే వస్తువు. స్కోరు కోసం దానిని ఖర్చుచేసిన ఇల్లు అరుదు. స్కోరు పంపడానికి పత్రికా లేదు, బదులుగా వచ్చే గుడ్డ బిళ్ళా లేదు. కనుక తెలుగు ప్రాంతాల వీడియోగేమ్ చరిత్రకు మిగిలిన ప్రధాన ఆధారాలు మూడు: మనుషుల జ్ఞాపకాలు, అటకల మీది క్యాసెట్లు, ఆ నోటుపుస్తకాలు. మూడూ కరిగిపోయేవే.

8. జ్ఞాపకం నుంచి భద్రత వైపు:
వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు మార్కెట్‌లో లభించడం లేదు. మిగిలినవాటిని చదవడానికి ఆధారమైన పనిముట్లు పై భాగాల్లో చూసినవే: చిప్‌లోని కోడ్‌ను బయటికి తీయడం, తాళాన్ని తప్పించడం, యంత్రాన్ని ఎమ్యులేటర్‌గా పునర్నిర్మించడం. ఒకప్పుడు దావాలు ఎదుర్కొన్న విద్యలే నేడు గ్రంథాలయ విద్యలయ్యాయి. అయినా, భద్రపరచిన ఆటలను గ్రంథాలయాలు దూరాన ఉన్న పరిశోధకులకు అంతర్జాలం ద్వారా అందించే మినహాయింపును అమెరికా కాపీరైటు కార్యాలయం 2024 అక్టోబరులో తిరస్కరించింది. ఐరోపాలో ఆటను మార్చుకోవచ్చని తీర్పు వచ్చిన నెలలోనే, అమెరికాలో ఆటను పరిశోధకుడికి దూరం నుంచి చూపించకూడదని నిర్ణయం వెలువడింది.

మన కాపీరైటు చట్టం, 1957 కొన్ని విషయాల్లో ఉదారమైనది. 1999 సవరణతో చేరిన 52(1)(ఎబి) ఉపవిభాగం, ప్రోగ్రామ్‌లు కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం మరో విధంగా సులభంగా దొరకనప్పుడు, దానిని రాబట్టుకోవడానికి చేసే పనులను అనుమతిస్తుంది. 2012లో చేరిన 65ఎ విభాగం సాంకేతిక తాళాన్ని ఛేదించడాన్ని నేరంగా పేర్కొన్నా, హక్కులను ఉల్లంఘించాలనే ఉద్దేశం ఉండాలని షరతు పెట్టింది. కాని అదే సవరణలో గ్రంథాలయాలకు ఇచ్చిన మినహాయింపులో ఒక లోపం కనిపిస్తుంది. లాభాపేక్ష లేని ప్రజాగ్రంథాలయం భద్రత కోసం ఒక కృతిని డిజిటల్ రూపంలో నిల్వచేయాలంటే, ఆ కృతి డిజిటల్ కాని ప్రతి దానివద్ద ముందే ఉండాలి. పుస్తకానికి ఇది సరిపోతుంది. వీడియోగేము పుట్టుకతోనే డిజిటల్. దానికి డిజిటల్ కాని ప్రతి ఉండదు. అక్షరార్థంలో చూస్తే ఈ మినహాయింపు ఆటలకు అందదు.

ఇది ఆటలకు మాత్రమే చెందిన సమస్య కాదు. యూనికోడ్‌కు ముందు కాలపు ఖతులలో డీటీపీ చేసిన తెలుగు పుస్తకాల, సిద్ధాంతగ్రంథాల ఫైళ్ళు తెరిస్తే, ఆ ఖతి లేని యంత్రంలో అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి. ఏ గుర్తు ఏ తెలుగు అక్షరానికి సంకేతమో ఒక్కొక్కటిగా పోల్చి పట్టిక తయారుచేసినవారి వల్లనే అవి యూనికోడ్‌లోకి వస్తున్నాయి. ఆ పట్టిక తయారీకీ, మారియో ప్రాణాల స్థానాన్ని వెదకడానికీ పద్ధతిలో భేదం లేదు. తాళపత్రం చదవడానికి లిపి తెలిస్తే చాలు. డిజిటల్ పాఠానికి యంత్రం కావాలి, ఆ యంత్రాన్ని తెరిచే విద్య కావాలి.

9. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. తెరపట్టు మొదట స్కోరుకు ప్రమాణపత్రంగా పుట్టింది. నేటి ఎమ్యులేటర్ తెరపట్టును నాటి దృశ్యానుభవానికి యథాతథ సాక్ష్యంగా స్వీకరించకూడదు.
2. గేమ్ జీనీ మూలకృతిని మార్చకుండా పాఠాంతరాన్ని మాత్రమే చదివించింది. 1992 అమెరికా తీర్పు, 2024 ఐరోపా తీర్పు భిన్నమైన తర్కాలతో ఆటగాడి అధికారాన్ని గుర్తించాయి.
3. చీట్ పరికరం పాఠంలోని దాగిన పొరలను బయటపెట్టగల పరిశోధనసాధనం.
4. సాంకేతిక తాళాల చట్టాలు ఆటగాడితో పాటు పరిశోధకుడినీ కట్టడి చేశాయి.
5. తెలుగు ప్రాంతాల్లో ఈ చరిత్రకు రాతసాక్ష్యం స్వల్పం. ఆడినవారి మౌఖిక కథనాలు, పాత క్యాసెట్లు, నోటుపుస్తకాలు సేకరించడం విశ్వవిద్యాలయ శాఖలు వెంటనే చేపట్టదగిన పని. గ్రంథాలయ మినహాయింపు పుట్టుకతో డిజిటల్ అయిన కృతులకూ వర్తించేలా చట్టసవరణ అవసరం.

ఒక తరం తన చిన్ననాటి ఆటను తలచుకొని మురిసిపోవడంలో తప్పు లేదు. ఆ ఆటను మరుసటి తరం ఆడి చూడగలగాలి, పరిశోధకుడు విప్పి చదవగలగాలి. అందుకు వీలు లేనప్పుడు మిగిలేది తలపోత మాత్రమే. అది తలచుకునేవారితోనే ముగిసిపోతుంది.